రెండు చేతుల మధ్య ముక్క: ఒక యుద్ధకాలపు ఫోటో పజిల్, ఒక డిమెన్షియా కేసు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బున్నవాళ్లు రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే మనిషిని. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోతూ వచ్చే జబ్బు) ఉన్న పెద్దవాళ్లు ఉండే ఒక కేంద్రంలో పనిచేస్తున్నాను. ఇది అక్కడి ఒక పెద్దాయన కోసం ఒక ఫోటోని జిగ్సా పజిల్‌గా, అంటే ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసే ఆటగా మార్చిన కేసు. నెల రోజుల పాటు నేను పజిల్‌లో ఎన్ని ముక్కలుండాలన్న లెక్కలోనే ఉండిపోయాను. ఫోటోని ఎక్కడ కోస్తున్నామన్నది నాకు ఆలస్యంగా తట్టింది. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు ఆ నెల రోజులు మిగలాలని దీన్ని రాస్తున్నాను. ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే కూతురు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయన ఎనభైల చివర్లో ఉన్నారు. జీవితమంతా చెక్కపని చేసిన మనిషి. భార్య పోయాక కొన్నాళ్లు కూతురి దగ్గర ఉండి, రాత్రిళ్లు తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోవడం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చారు. అప్పుడు చేసిన మోకా పరీక్షలో (జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే పరీక్ష) 30కి 11 వచ్చాయి. నాకు అంకె కన్నా అందులోని రెండు బొమ్మలు ఎక్కువ చెప్పాయి. ఘనాన్ని చూసి గీయమంటే నాలుగు గీతల దగ్గర ఆగిపోయారు. గడియారం గీయమంటే వలయం చక్కగా గీసి, అంకెలన్నీ ఒక పక్కకే పేర్చారు. కళ్లు చూస్తున్నాయి కానీ, చూసినవాటిలో ఏది ఎక్కడుందో మెదడు సరిగ్గా కూర్చలేకపోతోంది.

చలికాలం వస్తే ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక పెద్ద పజిల్ పరిచి నెలల తరబడి చేసేవారని కూతురు చెప్పింది. ఆ బల్ల మీద అన్నం తినడం కుదిరేది కాదట.

ఇబ్బంది

మధ్యాహ్నం మూడు దాటితే ఆయనకు కాలు నిలిచేది కాదు. తలుపు దాకా నడవడం, గడియ లాగడం, తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం. ఎవరైనా ఆపితే గొంతు పెరిగేది. సాయంత్రానికి అలిసిపోయి, భోజనం వద్దని ప్లేటు తోసేసేవారు. ఏ పనిలో కూర్చోబెట్టినా నాలుగైదు నిమిషాలే. మా నర్సు నన్ను అడిగింది చిన్న ప్రశ్న: ఆ వేళకు ముందే ఆయన చేతులకు ఏదైనా పని దొరుకుతుందా?

అదే వారం కూతురు ఇంట్లో దొరికిన ఒక పజిల్ డబ్బా తెచ్చింది. మూత మీద ఈ ప్రాంతంలో చాలామందికి తెలిసిన ఫోటో ఉంది: ‘వెయిట్ ఫర్ మీ, డాడీ’ (నాన్నా, నా కోసం ఆగు).

ఫోటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. 1940 అక్టోబర్ 1న ఇక్కడి న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ పట్టణంలో, ఎయిత్ స్ట్రీట్ వాలు మీద బ్రిటిష్ కొలంబియా రెజిమెంట్ సైనికులు ఓడ ఎక్కడానికి కవాతు చేస్తూ దిగుతున్నారు. వరుస పొడవుగా వెనక గట్టు దాకా ఉంది. ‘ది ప్రావిన్స్’ పత్రిక ఫోటోగ్రాఫర్ క్లాడ్ డెట్‌లాఫ్ ఆ వరుసని తీయబోతుంటే, ఐదేళ్ల వారెన్ బెర్నార్డ్ అమ్మ చేయి విడిపించుకుని తండ్రి వైపు పరుగెత్తాడు. తండ్రి ఒక చేత్తో రైఫిల్ పట్టుకుని, నవ్వుతూ రెండో చేయి వాడి వైపు చాపాడు. వెనక నుంచి అమ్మ కూడా చేయి చాపింది. పిల్లాడి చేయి ఇంకా తండ్రికి అందలేదు. ఫోటో అక్కడే ఆగింది.

తర్వాత అది ‘లైఫ్’ పత్రికలో వచ్చింది. యుద్ధకాలమంతా బ్రిటిష్ కొలంబియా బడుల గోడల మీద వేలాడింది. ఆయన ఆ రోజుల్లో ఇక్కడి బడిలోనే చదువుకున్నారు.

యుద్ధం ఫోటో ఇవ్వొచ్చా అని ముందు ఆగాను. తెలియని గాయాన్ని రేపితే ఆ సాయంత్రం భరించాల్సింది ఆయనే. ఇంట్లో ఎవరైనా యుద్ధంలో పోయారా అని కూతుర్ని అడిగాను. లేదు, తాత ఓడలు కట్టే యార్డులో పనిచేశారని చెప్పింది. మొదటిసారి మూతని మాత్రమే బల్ల మీద పెట్టి ముఖం గమనించాను. ఆయన వేలితో పిల్లాడి తల మీద తట్టి, “బడిలో ఉండేది” అన్నారు. అది చాలనిపించింది.

చేసి చూసినవి, పనికిరానివి

డబ్బాలోది వెయ్యి ముక్కల పజిల్. నిజానికి అడ్డంగా 38, నిలువుగా 27, మొత్తం 1026. అంత చేయలేరని తెలుసు. అయినా అదే ముందు పెట్టాను. ఆయనకు అలవాటైన వస్తువుని ఆయన ఎలా పట్టుకుంటారో చూడాలి కదా. ఏం చేయలేరో పరీక్ష చెప్పింది, ఏం చేయగలరో ముక్కలు చెప్పాలి.

చెప్పాయి కూడా. ఎవరూ అడగకుండానే ఆయన అంచు ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. బొటనవేలితో ఒక్కో ముక్క చుట్టూ తడిమి, తిన్నగా ఉన్న పక్క తగిలితే కుడివైపుకి, లేకపోతే ఎడమవైపుకి. చాలాసార్లు ముక్క వైపు చూడనే లేదు. పదకొండు నిమిషాలు కూర్చున్నారు. తర్వాత రెండు ముక్కలు కలపబోయి, కుదరక, మూడోది తీసి, అదీ కుదరక, గుప్పెడు ముక్కలు డబ్బాలో విసిరేసి లేచిపోయారు.

ఆ రోజు నోట్సులో “చేతికి గుర్తుంది, కంటి సాయం అందట్లేదు” అని రాసుకున్నాను. ఆ వాక్యం సరైనదే. దాని నుంచి నేను తీసిన అర్థం తప్పు. ముక్కలు తగ్గిస్తే సరిపోతుందనుకున్నాను.

ఫోటోని దళసరి అట్ట మీద ఏ3 సైజులో ప్రింట్ చేయించి 35 ముక్కలు చేశాం, ఏడు అడ్డం, ఐదు నిలువు. 1949కి ముందు తీసిన ఫోటోల మీద కెనడాలో కాపీరైట్ మిగలలేదు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. ఒక్కో ముక్క ఆరు సెంటీమీటర్లు, చేతికి బాగా అందే సైజు. ఆయన రెండు ముక్కలు తీసి చూసి, ట్రే నా వైపు తోసి, “ఇది చిన్నపిల్లలకి ఇవ్వు” అన్నారు.

అక్కడ రెండు తప్పులున్నాయని తర్వాత అర్థమైంది. ఒకటి గౌరవానికి సంబంధించినది. దళసరి అట్ట, గుండ్రటి బుడిపెలు, చూడగానే పిల్లల బొమ్మలాగే ఉంది. రెండోది నేను చాలాకాలం గమనించనిది. ముక్కల సైజు పెరిగింది కానీ గళ్ల కోత అలాగే ఉంది. గడి గీత ఎవరి ముఖం మీద నుంచి పోతుందో చూసుకోదు. ఒక ముక్కలో సగం టోపీ, ఒకదానిలో మోకాలు, కొంత రోడ్డు, ఇంకోదానిలో ఎవరిదో తెలియని భుజం. మామూలు కన్ను ఆ సగం టోపీని చూసి మిగతా సగాన్ని ఊహించుకుంటుంది. ఆయన పోగొట్టుకున్నది సరిగ్గా ఆ ఊహనే. 1026 ముక్కల్లో ఉన్న కష్టాన్నే నేను 35 పెద్ద ముక్కల్లో ఇచ్చాను.

అది తెలియక రంగు మీద పడ్డాను. నలుపు తెలుపు ఫోటోలో రోడ్డు, యూనిఫాం, ఆకాశం అన్నీ బూడిద రంగే. వయసుతో కంటి కటకం పసుపెక్కి, దగ్గర దగ్గర ఛాయల మధ్య తేడా తెలియడం తగ్గుతుంది. రంగులు వేస్తే గుర్తులు దొరుకుతాయని కంప్యూటర్‌లో రంగులద్దించాను. అమ్మ కోటుకి ఒక రంగు, సైనికులకు ఖాకీ, పిల్లాడి జుట్టుకి లేత పసుపు. పని పరంగా చూస్తే అది నిజంగా సాయపడింది. కోటు ముక్కలు రెండూ ఆయన ఒక్కసారిలో కలిపారు. కలిపి, కాసేపు చూసి, “ఇది ఆ ఫోటో కాదు” అన్నారు. ముక్కలు బోర్లించి పెట్టేశారు.

నాకు చాలా బాధేసింది. ఆయన చెప్పింది పూర్తిగా నిజం. ఆయన గుర్తులో ఆ ఫోటో ఒక బడి గోడ మీద, నలుపు తెలుపుల్లో ఉంది. పని తేలిక చేయబోయి, ఆ పని చేయాలన్న కోరిక ఎక్కడి నుంచి వస్తోందో దాన్నే చెరిపేశాను. ఆయన కోసం ఏం మార్చినా ఆ ఫోటో ఆ ఫోటోలానే మిగలాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

కోత మార్చడం

దారి చూపింది ఒక పాత విషయం. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులు చేసే మనిషి, చెక్క మీద మ్యాపు అంటించి దేశాల సరిహద్దుల వెంబడి కోసి పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మేవాడు. అంటే ఈ ఆటకి మొదట్లో గళ్లు లేవు. ఒక్కో ముక్క ఒక్కో దేశం. ముక్క చేతిలోకి తీసుకుంటే దానికొక పేరుంటుంది. గళ్ల కోతలో పోయింది ఆ పేరే.

అలాగైతే ఈ ఫోటోని మనుషుల వెంబడి కోయాలి. అమ్మ ఒక ముక్క, పిల్లాడు ఒక ముక్క, తండ్రి ఒక ముక్క. వెనక వరుసని ఇద్దరు ముగ్గురు సైనికుల చొప్పున విడదీయాలి. ఇళ్లు, చెట్లు, ఆకాశం పెద్ద ముక్కలుగా ఉండాలి. మొత్తం 28 వచ్చాయి. ముక్కల సంఖ్య ముందు అనుకున్నది కాదు, ఫోటోలో ఎవరెవరున్నారో లెక్కపెడితే తేలింది.

ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాం. చెక్క ఎందుకంటే ఆయన చేతులకు అది పెద్దవాళ్ల వస్తువు. లేజర్‌తో కోస్తే అంచులు నల్లగా మాడి, ఆ మసి ఫోటో తెల్లటి భాగాలకు అంటింది. అందుకని మా దగ్గరికి వచ్చే ఒక వాలంటీర్ స్క్రోల్ సా (వంపులు కోసే సన్నటి రంపం) మీద చేత్తో కోసి, అంచులు సాండ్‌పేపర్‌తో రుద్ది ఇచ్చారు. ప్రింట్ మీద మెరుపు లేని లామినేషన్ వేయించాం, ట్యూబులైటు దాని మీద పడి కళ్లలో కొట్టకుండా. రంగు జోలికి పోకుండా, మనుషులకూ రోడ్డుకూ మధ్య నలుపు తెలుపుల తేడా మాత్రం కొద్దిగా పెంచాం. కింద ముదురు ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ, చుట్టూ చెక్క ఫ్రేము, ఎడమ పక్క నుంచి ఒక దీపం.

కోసే ముందు వాలంటీర్ ఒక ప్రశ్న అడిగారు. పిల్లాడి చేయి, తండ్రి చేయి, ఈ రెండింటి దగ్గర ఏం చేయాలి? వేళ్ల చుట్టూ కోస్తే చెక్క అక్కడ పుల్లలా సన్నబడి విరిగిపోతుంది. తండ్రినీ కొడుకునీ కలిపి ఒకే ముక్కగా ఉంచొచ్చు. లేదా రెండు చేతులూ, మధ్యలో ఉన్న ఖాళీ కలిపి అరచేయంత ముక్క వేరుగా తీయొచ్చు. పిల్లాడిని వేరుగా చేతిలోకి తీసుకునేలా ఉండాలని నేను రెండోది ఎంచుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆ ముక్కకి ఒక పక్క పిల్లాడి వేళ్లు, ఎదుటి పక్క తండ్రి వేళ్లు, మధ్యలో రోడ్డు.

పని చేసింది

రెండున్నరకి, అంటే కాలు నిలవని వేళకు ముందే, కిటికీకి వీపు ఉండేలా కూర్చోబెట్టాం. ఆయన ముందు ఒక ముక్క తీసి వాసన చూశారు. అంచు మీద బొటనవేలు నడిపారు. “ఇక్కడ ఇంకొంచెం రుద్దాలి” అన్నారు. వాలంటీర్ కోసం ఆ మాట అలాగే రాసుకున్నాను.

తర్వాత తండ్రిని తీసి ఫ్రేములో పెట్టారు. ఆ వెనక ఇద్దరు సైనికులు. ముక్క తప్పు చోట పెట్టినప్పుడు కూడా కోపం రాలేదు, ఎందుకంటే చేతిలో ఉన్నది ఎవరో తెలుస్తోంది. “నువ్వు వెనక్కి పో” అని ఒక సైనికుణ్ని పక్కకి జరిపారు. పాతిక నిమిషాలు కూర్చున్నారు. ఆ రోజు తలుపు దగ్గరికి ఒక్కసారే వెళ్లారు.

27 ముక్కలు కుదిరాయి. చేతుల ముక్క మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు నేను చేసిన పని ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆయనకు చోటు కనపడట్లేదనుకున్నాను. మిగిలింది ఒక్కటే ఖాళీ, చూపిస్తే సంతోషిస్తారనుకుని, ఆయన చేతి మీద చేయి వేసి ముక్కని అటు నడిపించాను. మా వృత్తిలో రోజూ చేసేదే. ఆయన చేయి లాక్కున్నారు, ముక్క కింద పడింది, కుర్చీ వెనక్కి తోసి లేచారు. ఆ సాయంత్రం భోజనం తినలేదు.

ఇంటికెళ్లి చాలాసేపు ఆలోచించాను. 28కి 27 అంటే నా ఫారంలో ‘పూర్తి కాలేదు’ అని పడుతుంది. పూర్తి కావాలని ఎవరికుంది? నర్సు అడిగింది ఆయన చేతులకు పని. ఆయనకు కావాల్సింది ఏమిటో నేను అడగనే లేదు. అందుకని తర్వాతిసారి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మళ్లీ అదే ముక్క దగ్గర ఆగారు. చాలాసేపటి తర్వాత, ముక్కలోని రోడ్డు మీద గోరుతో గీస్తూ, “వాడికి ఇంకా అందలేదు” అన్నారు. ముక్కని చొక్కా జేబులో వేసుకున్నారు.

ఆయనకు చోటు కనపడింది. బహుశా మొదటిరోజు కూడా కనపడే ఉంటుంది.

ఆ రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. తండ్రుల గురించి, యుద్ధం గురించి చెప్తారని ఎదురుచూశాను. ఆయన చెప్పింది తరగతి గది గురించి. టీచరు పాతిక సెంట్ల యుద్ధ పొదుపు స్టాంపులు అమ్మేదట. ఒక కాగితం మీద పదహారు అంటిస్తే నాలుగు డాలర్లు, దాన్ని ఇస్తే ఐదు డాలర్ల సర్టిఫికెట్. ఆయన కాగితం ఎప్పుడూ నిండేది కాదు. ఫోటోలోని పిల్లాడి మీద ఆయనకు అసూయ. నిజంగానే వారెన్‌ని యుద్ధ ఖర్చుల కోసం జరిగే బాండ్ల అమ్మకాల సభలకు తిప్పారు, ఆ ఫోటో ముందు నిలబడి మా నాన్నని ఇంటికి తెచ్చేందుకు బాండ్లు కొనండి అని అడిగేవాడు. “వాడికి బడి లేదు” అని మా పెద్దాయన ఇప్పటికీ కోపంగా అంటారు. విషాదం ఉంటుందనుకుని నేను గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. ఆయన ఆరేళ్ల పిల్లాడి రోషంతో మాట్లాడుతున్నారు. ఇంకెప్పుడూ ఫోటోని బట్టి మనిషి మనసుని ముందే ఊహించుకోకూడదనుకున్నాను.

కానీ ప్రతిసారీ ఒక ప్రశ్న వచ్చేది: “ఆ నాన్న తిరిగొచ్చాడా?” వచ్చాడు. ఆ రెజిమెంట్ 1944 ఆగస్టు 9న నార్మండీలో ఒక్కరోజులో 47 ట్యాంకులు పోగొట్టుకుంది, చాలామంది రాలేదు. పిల్లాడి తండ్రి జాక్ బెర్నార్డ్ మాత్రం 1945లో ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఆ భార్యాభర్తలు విడిపోయారు. ఇందులో ఎంత చెప్పాలి? ఆయన అడిగిందానికి నిజమైన జవాబు ‘వచ్చాడు’. అడగనిది చెప్పాల్సిన అవసరం నాకు కనపడలేదు. నాకు సెలవైన ఒక రోజు, ఫోటో కథ తెలియని ఒక కొత్త సహాయకురాలు “అందరూ రాలేదు కదండీ” అంది. పాపం ఆమె తప్పు లేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన తలుపు దగ్గరే ఉన్నారు. మర్నాడు ఒక కార్డు రాసి ఫ్రేము వెనక అంటించాను: “నాన్న 1945లో ఇంటికొచ్చాడు. పిల్లాడు పెద్దవాడై టొఫీనోకి మేయర్ అయ్యాడు.” ఎవరు కూర్చున్నా అదే జవాబు. ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే సంతోషిస్తారు. మేయర్ అన్న మాటకి మాత్రం పెదవి విరుస్తారు.

నేర్చుకున్నవి, హద్దులు

ఇది అన్ని రోజులకూ మందు కాదు. పజిల్ పెట్టని రోజు నడక ఎప్పటిలాగే ఉంది. మూడున్నర దాటాక మొదలుపెడితే కూర్చోనే లేదు. వేళ తప్పితే ఈ పని లేనట్టే. ఇంకొకరికి కూడా అదే పజిల్ ఇచ్చి చూశాం, మాకు ఖాళీగా ఉంది కదా అని. ఆవిడ అమ్మ చాపిన చేయి చూసి ఏడ్చారు. వెంటనే తీసేశాం. ఆవిడ కుటుంబాన్ని ముందు అడగలేదు, మొదటి కేసులో తీసుకున్న జాగ్రత్త రెండో కేసులో తీసుకోలేదు. అందుకే ఇప్పుడు మా దగ్గర ఏ పాత ఫోటో అయినా పజిల్ చేసే ముందు మూత చూపించి ముఖం గమనించడం తప్పనిసరి చేశాం.

కోత గురించి ఒక మాట. ఇలాంటిది చేయించేవాళ్లు ముందు ఫోటోని బల్ల మీద పెట్టి, అందులో వేటికి పేరు పెట్టగలమో వాటి చుట్టూ పెన్సిల్ గీయండి. ముఖం మధ్య నుంచి గీత పోనివ్వకండి. సన్నటి చేతులు, రైఫిళ్లు పక్కనున్న నేలతో కలిపి ఉంచితే విరగవు. ఆ తర్వాతే ముక్కలు లెక్కపెట్టండి.

ఇప్పటికి ఏడు నెలలైంది. ఆయన జబ్బు ముందుకెళ్లింది, 28 ముక్కలు బరువయ్యాయి. వెనక వరుసని, ఇళ్లని జిగురుతో కలిపేసి 9 ముక్కలు చేశాం. అమ్మ, పిల్లాడు, తండ్రి అలాగే విడిగా ఉన్నారు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేవాళ్ల కోసం ఆయన కేర్ ప్లాన్‌లో ఈ రెండు వాక్యాలు ఉన్నాయి: “చేతుల ముక్క పెట్టమని అడగవద్దు. బట్టలు ఉతకడానికి వేసేముందు చొక్కా జేబు చూడాలి.”